పట్టు దొరకలేదు, ఇంకోసారి

లెక్కలాయన వాచమ్మకు మొదటిరోజు నుంచే గిట్టలేదు. వచ్చీ రాగానే ఎలుకల గదిలో ఆమె కుర్చీని పక్కకు జరిపాడు. మూలనున్న కెమెరా మీద దుమ్ము వేలితో తుడిచి, ఆ వేలు ఆమెకు చూపించాడు.

"ఇది రోజూ రికార్డు చేస్తుందా?"

"చేస్తుంది. ఎవరూ చూడరు," అంది వాచమ్మ.

"ఇక మీద నేను చూస్తా."

నవ్వుతూ అంటే సరదాకి అన్నాడనుకోవచ్చు. నవ్వలేదు. ఎదుటివాళ్ళను దొంగల్లా చూడటానికే జీతం తీసుకునే మనుషులు కొందరుంటారు. ఈయన ఆ బాపతు. మందును మనుషుల మీద పరీక్షించడానికి దరఖాస్తు పెట్టే ముందు అంకెలన్నీ బయటివాళ్ళ చేత సరిచూయించాలని నియమం. అందుకోసం దాపురించాడు.

ఆ ప్రయోగశాలలో జరిగే పని ఒక్కటే. తల్లి నుంచి దిగివచ్చి, మగపిల్లల కండరాలను ఏడాదికింత చొప్పున తినేసే జబ్బు ఒకటుంది. ఒక చెట్టు బెరడులోంచి తీసిన పసుపురంగు పదార్థం దాన్ని నెమ్మదింపజేస్తుందని ప్రొఫెసరమ్మ నమ్మకం. తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఆ బెరడును పట్టుకుని వేలాడుతోంది. అదే జబ్బుతో పుట్టే చిట్టెలుకలను వరసగా బోనుల్లో పెట్టి, సగం వాటికి బెరడు మందు కలిపిన ముద్ద, సగం వాటికి ఉత్త ముద్ద తినిపిస్తారు. తర్వాత వాటి బలం చూస్తారు.

బలం చూడటం వాచమ్మ పని. ఒక ప్లాస్టిక్ తొట్టి, అందులో మెత్తగా రంపపు పొట్టు, పైన అటూ ఇటూ బిగించిన తీగ. ఎలుకను తోక పట్టి ఎత్తి ముందుకాళ్ళు తీగకు అందిస్తుంది. అది పట్టుకోగానే తోక వదిలి స్టాప్‌వాచ్ నొక్కుతుంది. పొట్టులో పడగానే మళ్ళీ నొక్కుతుంది. ఒక్కోదానికి మూడుసార్లు. ఇందులో ఒక చిన్న వెసులుబాటుంది. తీగ సరిగా పట్టుకోకముందే జారిపోతే ఆ పడటం లెక్కలోకి రాదు, కొట్టేసి ఇంకోసారి వేలాడదీయవచ్చు. పట్టు దొరికిందో లేదో చెప్పాల్సింది చూసే మనిషే. ఆరేళ్ళుగా ఆ మనిషి ఆమే. మెడలో స్టాప్‌వాచ్ ఎప్పుడూ వేలాడుతుంటుంది కాబట్టి అందరూ వాచమ్మనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఆ ముద్దుపేరంటే ఆమెకు లోపల్లోపల గర్వం.

ఏ బోనులో ఎలుక మందు తింటోందో వాచమ్మకు తెలియకూడదు. ఈ పనికి ప్రాణం ఆ నియమమే. అందుకే బోనుల మీద అంకెలు తప్ప ఇంకేమీ రాయరు. పై గదిలో మందులు కలిపే అమ్మాయి ఉత్త ముద్దకు కూడా రంగేసి, రెండూ ఒకే తీరుగా కనపడేలా చేస్తుంది. అన్నీ పకడ్బందీగా ఆలోచించారు గానీ, ఇంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరూ ఎలుకల ఉచ్చ గురించి ఆలోచించలేదు. బెరడు తిన్న ఎలుక పసుప్పచ్చగా పోస్తుంది. ముద్దకు వేసే రంగు అలా బయటికి రాదు. అడుగున పరిచే పొట్టు మార్చే మనిషి పోయినేడు పని మానేశాడు. ఆ పనీ వాచమ్మ నెత్తినే పడింది. రెండో వారం తిరిగేసరికి ఏ బోను ఏదో ఆమెకు కంఠతా వచ్చేసింది.

చెప్పాల్సింది. ఆ రోజే మెట్లెక్కి వెళ్ళి, "మేడమ్, నాకు తెలిసిపోతోంది, ఇంకొకర్ని పెట్టండి," అనుంటే సరిపోయేది. చెప్పలేదు. తెలిస్తే ఏమైంది, నా చెయ్యి సంగతి నాకు తెలీదా అనుకుంది. తన మీద తనకు ఇంత నమ్మకం ఉన్నవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయితే వాచమ్మది ఉత్త పొగరు కాదు. ఆ పని ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెవల్ల కాలేదు, ఎందుకంటే ఇంట్లో తమ్ముడున్నాడు.

తమ్ముడికి పదిహేడేళ్ళు, ఆమెకంటే పద్నాలుగేళ్ళు చిన్న. వాడిదీ ఆ జబ్బే. తొమ్మిదో ఏట నడక పోయి చక్రాల కుర్చీ వచ్చింది. ఇప్పుడు వెన్ను ఎడమ పక్కకు ఒరిగిపోతోంది, ఒరిగినకొద్దీ ఊపిరితిత్తులు నలుగుతున్నాయి. ఒంట్లో ఏమాత్రం తగ్గనిది నోరొక్కటే. మారుపేరుతో ఇంటర్నెట్లో సినిమాలను ఉతికి ఆరేస్తుంటాడు. వాడి తిట్లు చదవడానికే నాలుగు వేల మంది కాచుక్కూర్చుంటారు.

వెన్నుకు రెండు కడ్డీలు వేసి నిలబెట్టే ఆపరేషన్ ఉంది. దానికి ఊపిరి బలం నూటికి ముప్పై అయిదైనా ఉండాలి. ఒక్క అంకె తగ్గినా వాడి సర్జన్ కత్తి ముట్టుకోడు. అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళు మత్తులోంచి లేచాక సొంతంగా గాలి పీల్చుకోలేక, గొంతులో గొట్టంతోనే ఉండిపోతారని ఆయన భయం. మూడు నెలల క్రితం ఆసుపత్రిలో వాడికి నలభై ఒకటి వచ్చింది. చేయించుకోండి అన్నాడు సర్జన్. చేయిద్దాం అంది అమ్మ. ఆగుదాం అంది వాచమ్మ.

బెరడు మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు, ఏడాదిలోపు పెద్ద ఆపరేషన్ అయినవాళ్ళను చేర్చుకోరు. కడ్డీలు వేయిస్తే తమ్ముడికి మందు లేదు. మందు పనిచేస్తోందని తన కళ్ళతో చూస్తున్న మనిషి తమ్ముణ్ణి ఎలా వదులుకోమంటుంది? ఆ మాట మీద తల్లీ కూతుళ్ళు మూడు నెలలుగా కొట్టుకుంటున్నారు. అమ్మకు చదువు తక్కువ. కూతురు "నేను చూశానమ్మా, వేలాడుతున్నాయి," అంటే ఆవిడ దగ్గర తిప్పికొట్టే మాట లేదు. ఒక్కసారి మాత్రం, "ఎలుకలు నా కడుపున పుట్టలేదే," అంది.

అమ్మ నోరు మూయించడానికి వాచమ్మ అరచేతిలో ఇమిడే ఊదుడు మెషీను ఒకటి కొంది. గొట్టంలో ఊదితే తెర మీద అంకె వస్తుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే తమ్ముడి చేత ఊదించి, అంకెను ఫ్రిజ్ తలుపు మీద కాగితంలో రాస్తుంది. ఈ ఆదివారం ఇలా జరిగింది.

"ఊదు."

ఊదాడు. ముప్పై ఆరు.

"ఇది కాదు. పెదవులు సరిగా ఆనలేదు. ఇంకోసారి."

ముప్పై అయిదు.

"ఇప్పుడే లేచావు కదా, గొంతు పట్టేసుంటుంది. నీళ్ళు తాగు. ఇంకోసారి."

"ఒకటే సీను ఏడు టేకులు తీసే డైరెక్టర్లని నేనేమంటానో తెలుసా?" అన్నాడు తమ్ముడు, ఆయాసపడుతూ.

"తెలుసు. ఊదు."

ఏడోసారికి కళ్ళు ఎర్రబడేలా ఊదాడు. ముప్పై తొమ్మిది. వాచమ్మ ఫ్రిజ్ దగ్గరికెళ్ళి ముప్పై తొమ్మిదని రాసింది. పైనున్న అంకెలన్నీ దాదాపు అంతే: నలభై, ముప్పై తొమ్మిది, నలభై. "చూశావా అమ్మా? తగ్గట్లేదు. గురువారం ఆసుపత్రిలోనూ ఇదే వస్తుంది."

అమ్మ చూడలేదు. గిన్నెలు తోముతూ, ఒక గిన్నెను అవసరం కన్నా గట్టిగా బోర్లించింది.

మర్నాడు సోమవారం పదిగంటలకు లెక్కలాయన అందరినీ పిలిచాడు. పొడుగు బల్లకు అటు చివర ప్రొఫెసరమ్మ, పక్కన మందులు కలిపే అమ్మాయి, ఇటు వాచమ్మ. కొత్త బ్యాచ్ ఎలుకల ఫలితాలు తెర మీద వేశాడు.

"మొదటి వరస బోనుల్లో సగటున యాభై ఎనిమిది సెకన్లు. రెండో వరసలో నలభై."

"ఎప్పుడూ వచ్చేదే ఇది," అంది ప్రొఫెసరమ్మ తృప్తిగా. "ఇక మీ అనుమానాలు తీరినట్టేగా? దరఖాస్తు మీద సంతకం పెట్టండి."

"ఈ బ్యాచ్‌లో ఒక్క ఎలుక్కి కూడా బెరడు మందు పెట్టలేదు మేడమ్."

మందులు కలిపే అమ్మాయి తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. ఆ అమ్మాయికి ముందే తెలుసని వాచమ్మకు అర్థమై అరికాలి మంట నెత్తికెక్కింది.

"అందరికీ ఉత్త ముద్దే," అన్నాడు లెక్కలాయన. "మొదటి వరసకి తాగే నీళ్ళల్లో బి విటమిన్ కలిపించాను, అంతే. సంస్థ డైరెక్టర్ గారికి చెప్పే చేశాను. ఆ మాత్ర మింగితే మీరైనా నేనైనా ఏ రంగులో పోస్తామో అందరికీ తెలుసుగా. పొట్టు పచ్చబడింది. పచ్చబడిన బోనుల్లో ఎలుకలకి పద్దెనిమిది సెకన్ల బలం వచ్చేసింది."

"అంటే నన్ను దొంగంటున్నారా?" కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచింది వాచమ్మ. "వలేసి పట్టడానికి నేనేం మీ ఎలుకనా? ఒక్క సెకను ఎక్కువ నొక్కానేమో చూపించండి! కెమెరా ఉందిగా, చూపించండి!"

"సెకన్లు మీరు సరిగ్గానే నొక్కారు. నేనూ వాచీ పెట్టుకుని చూశా. పదో వంతు కూడా తేడా లేదు."

"మరి?"

ఆయన వీడియో పెట్టాడు.

తెర మీద వాచమ్మ వీపు, చేతులు, తీగ. ఒక ఎలుక వేలాడింది, ఎనిమిది సెకన్లకే పడింది. వాచమ్మ స్టాప్‌వాచ్ చూసి అంకె రాసుకుంది. దాన్ని బోనులో వేసి ఇంకొకదాన్ని తీసింది. అదీ ఎనిమిది సెకన్లకే పడింది. ఈసారి ఆమె అంకె రాయలేదు. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, తల నిమిరి, "పట్టు దొరకలేదు కదరా నాన్నా, ఇంకోసారి," అంది. ఆ గొంతును వాచమ్మ గుర్తుపట్టింది. ఇంట్లో వాడే గొంతు అది. ఎలుకల గదిలో ఆ గొంతు ఎప్పుడు బయటికొచ్చిందో ఆమెకు తెలియదు.

"పచ్చ బోనుల్లో కొట్టేసి మళ్ళీ వేలాడదీసినవి ఇరవై ఆరు," అన్నాడు లెక్కలాయన. "మిగతావాటిలో మూడు. పాత వీడియోలు కూడా ఏడాదివి చూశాను. కొట్టేసినవన్నీ తిరిగి కలిపితే రెండు వరసలూ సమానం. మందు తిన్నవీ తిననివీ ఒకేసారి పడుతున్నాయి."

"అంతకు ముందు అయిదేళ్ళు?" అంది ప్రొఫెసరమ్మ.

"అప్పుడు తేడా చాలా చిన్నది మేడమ్. మీ పాత నివేదికలోనే ఉంది. తేడా పెరిగింది పోయినేడు నించే, పొట్టు మార్చే మనిషి మానేసినప్పటి నించి. అప్పుడెందుకు పెరిగిందని ఎవరూ అడిగినట్టు లేదు."

అడగాల్సింది ప్రొఫెసరమ్మే. అంకెలు బాగున్నప్పుడు ఆవిడ మెట్లు దిగి ఎలుకల గదికి వచ్చిన పాపాన పోలేదు. అయితే పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళకు కోపం ఎప్పుడూ కిందికే జారుతుంది. ఆవిడ వాచమ్మ వైపు తిరిగి, "నా తొమ్మిదేళ్ళు పొట్టులో పోశావు కదే," అంది. ఎన్నడూ ఏకవచనం దాటి 'కదే' దాకా రాని మనిషి. "నీ తమ్ముడున్నాడని జాలిపడి నిన్ను ఇక్కడ ఉంచాను. ఆ జాలే నా కొంప ముంచింది. బయటికి పో. ఆ వాచీ ఇక్కడ పెట్టి పో."

వాచమ్మ మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి బల్ల మీద పడేసింది. అది దొర్లి లెక్కలాయన కాగితాల మీద ఆగింది. తలుపు దగ్గర ఆయన వెనకే వచ్చాడు.

"మీరు కావాలని చేశారని నేను అనలేదు," అన్నాడు.

"అనుంటే బాగుండేది," అంది వాచమ్మ. "కావాలని చేసుంటే ఎక్కడ ఆపాలో తెలిసేది." ఇంకా ఏదో అనబోయి, ఆయన మొహం చూడబుద్ధి కాక వెళ్ళిపోయింది. ఆయన చేసింది తప్పని ఆమె ఈ రోజుకీ అనదు. ఆ మనిషిని మాత్రం చచ్చేదాకా క్షమించదు.

మధ్యాహ్నానికే ఇంటికొచ్చిన కూతుర్ని చూసి అమ్మ చేతిలో బట్టల బుట్ట అలాగే పట్టుకుని నిలబడింది. తమ్ముడు కిటికీ పక్కన ఫోనులో ఎవరి సినిమానో చీల్చి చెండాడుతున్నాడు. వాచమ్మ నిలబడే మొత్తం చెప్పింది. పొట్టు, రంగు, విటమిను, ఇరవై ఆరు, మూడు. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమెకు లోపల ఒక పిచ్చి ఆశ, చెప్పేస్తే సగం తగ్గుతుందని.

"అంటే మందు లేదు," అంది అమ్మ.

"లేదు."

"మూడు నెల్లు ఆపావు. మందు లేదు."

"అమ్మా, గురువారం పరీక్ష ఉందిగా. ముప్పై తొమ్మిది ఉంది. ఆపరేషన్ చేయించేద్దాం. ఏం పోలేదు…"

తమ్ముడు ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. "అక్కా, ఎలుకల్ని ఎన్నిసార్లు వేలాడదీశావో ఆయన లెక్కపెట్టాడు కదా."

"ఆఁ."

"నన్నెన్నిసార్లు ఊదించావో ఎవరు లెక్కపెట్టారు?"

ఇంత చదివి, ఇన్ని తిట్లు తిని, పొద్దున్న అంత సిగ్గుపడి బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. వాచమ్మ ఫ్రిజ్ వైపు చూసింది. కాగితం మీద అన్నీ నలభై, ముప్పై తొమ్మిది.

"నిన్న మొదటిది ముప్పై ఆరు," అన్నాడు తమ్ముడు. "రెండోది ముప్పై అయిదు. పోయిన వారం మొదటిది ముప్పై ఏడు. నాకు గుర్తున్నాయి. ఊదేది నేను కదా."

"మరి చెప్పలేదేంరా?" అరిచింది అమ్మ.

"అక్కకి తెలుసనుకున్నా! అది రోజూ చేసే పని అదే కదా, కొలవడం! అది లెక్కలోకి రాదంటే రాదేమో అనుకున్నా. నా ఊపిరి కన్నా దాని మాట నమ్మా." అరవడానికి గాలి చాలక మధ్యలో ఆగిపోయాడు. "నన్ను కూడా తీగకి కట్టావు."

అమ్మ బుట్ట కింద పెట్టింది. ఫ్రిజ్ మీద కాగితం పీకి, నలిపి, కూతురి మొహం మీదికి విసిరింది. "నా ఒంట్లోంచే వచ్చిందీ జబ్బు. నాకు తెలుసు, పదిహేడేళ్ళుగా దాంతోనే నిద్ర లేస్తున్నా. నేను తెలియక ఇచ్చాను. నువ్వు తెలిసి ఆపావు." వాచమ్మ ఆ మాటకు బదులు చెప్పబోతే, ఆవిడ చెయ్యెత్తింది. కొట్టలేదు. కొట్టినా బాగుండేదని వాచమ్మకు అనిపించింది.

మంగళ, బుధ ఇంట్లో మాటల్లేవు. అన్నం కంచాల చప్పుడు, తలుపుల చప్పుడు. తమ్ముడు సినిమాల జోలికి కూడా పోలేదు. ఊదుడు మెషీనును అమ్మ ఎక్కడో దాచేసింది.

గురువారం ఆసుపత్రికి ముగ్గురూ వెళ్ళారు. వాచమ్మను రావద్దనే అన్నది అమ్మ, అయితే కుర్చీని కారులోకి ఎక్కించడం ఒక్క మనిషి వల్ల కాదు. ఊపిరి పరీక్ష గది ఇరుకు. పెద్ద మెషీను, దానికో తెర, దానికెదురుగా కుర్చీ. పరీక్ష చేసే ఆయన లావుపాటి మనిషి, మంచివాడిలాగే ఉన్నాడు. తమ్ముడి ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోటికందించి, పెదవులు ఎలా బిగించాలో చూపించాడు. అమ్మ కుర్చీ వెనక గోడకు ఆనుకుంది. వాచమ్మకు తమ్ముడి మొహం పక్కనే తప్ప నిలబడటానికి చోటు దొరకలేదు. రెండు చేతులూ చంకల్లో దోపుకుంది.

"మూడుసార్లు. అందులో ఎక్కువొచ్చింది రాస్తాం. ఊదు బాబూ, ఊదు ఊదు ఊదు!"

ముప్పై రెండు.

కాసేపాగి మళ్ళీ. ముప్పై మూడు.

గోడ దగ్గర అమ్మ ఊపిరి బిగబట్టింది. తమ్ముడు కళ్ళు మూసుకుని, ఒంట్లో ఉన్నదంతా పోగేసుకుని మూడోసారి ఊదాడు. భుజాలు వణికాయి. గొట్టం చుట్టూ పెదవులు తెల్లగా పాలిపోయి బిగుసుకున్నాయి. వాచమ్మ జానెడు దూరం నుంచి చూసింది. ఆరేళ్ళు ఎలుకల పట్టు చూసిన కన్ను అది.

ముప్పై నాలుగు.

పరీక్ష చేసే ఆయన తెర మీద గీతను చూస్తూ గొణిగాడు. "చివర్లో కొంచెం వణికింది. పెదవుల పక్కనించి గాలేమైనా పోయిందా? పోతే ఇది లెక్కలోకి రాదు. కొట్టేసి, కాసేపు కూర్చోబెట్టి ఇంకోసారి ఊదిద్దాం. ఒక్క అంకేగా. నేను ఇటు తెర చూస్తున్నా. మీరు దగ్గరున్నారు కదమ్మా, చూశారా?"

"పోయింది!" అంది అమ్మ వెనక నుంచి. "పోయింది సార్, నేను చూశా!"

గోడ దగ్గర నుంచి అమ్మకు కొడుకు పెదవులు కనపడవు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఆయన మర్యాదగా తల ఊపి, వాచమ్మ జవాబు కోసం ఆగాడు. అమ్మ కూతురి వైపు చూసింది. మూడు నెలల తర్వాత ఆ కళ్ళల్లో మొదటిసారి కోపం లేదు. బతిమాలుతోంది. ఒక్క మాట అంటే అన్నీ మర్చిపోతానంటోంది.

ఇంకోసారి ఊదితే ముప్పై అయిదు రావచ్చు. ఎలా రప్పించాలో వాచమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నీళ్ళు తాగించి, వీపు నిమిరి, నాన్నా అని పిలిచి, ఏడోసారికైనా రప్పించగలదు. అప్పుడు సర్జన్ ఆ అంకెను నమ్ముతాడు. ముప్పై నాలుగు ఊపిరున్న పిల్లవాడికి మత్తిచ్చి, ముప్పై అయిదున్నవాడనుకుని వెన్ను కోస్తాడు. మత్తులోంచి వాడు లేస్తాడో లేవడో చెప్పడానికి అక్కడ స్టాప్‌వాచ్ ఉండదు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఎంత తేలిగ్గా వచ్చేదో 'ఇంకోసారి' అనే ఆ మాట, ఎలుకకు కూడా ఎంత ప్రేమగా చెప్పేదో.

"లేదు," అంది. "పెదవులు గట్టిగానే బిగించాడు. గాలి పోలేదు. ఇది లెక్కలోకే వస్తుంది."

"ఇవాళా!" అమ్మ గొంతు చీరుకుపోయింది. "మూడు నెల్లు లేని నిజం నీకు ఇవాళ గుర్తొచ్చిందా! నీ చేతులతోనే వాణ్ణి…"

పరీక్ష చేసే ఆయన గాభరాగా లేచాడు. తమ్ముడు చెయ్యి కొంచెం ఎత్తాడు, ఎత్తగలిగినంత. ముక్కు క్లిప్పుతోనే, ముక్కుతో మాట్లాడుతూ, "అరవకమ్మా," అన్నాడు. "అక్క చెప్పింది నిజమే. గాలి పోలేదు. నాకు తెలుసు." కాసేపు ఆయాసపడి, "ముప్పై నాలుగు రాసుకోండి సార్," అన్నాడు.

ఆయన రాసుకున్నాడు. కలం చప్పుడు గదంతా వినిపించింది.

వాచమ్మ వంగి, తమ్ముడి ముక్కు మీద క్లిప్పు తీయబోయింది. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నువ్వొద్దు," అన్నాడు. "అమ్మ తీస్తుంది."

అమ్మ వచ్చి తీసింది.